మూడున్నర గంటల ఎడము

కొడుకు సైన్యములో చేరిన నాడు కన్నవారికి కలుగు దిగులు ఒకటి. ఆ కొడుకే దేశపు పొలిమేర దాటి, అంతకు ముందు మనము పేరైనను వినియుండని పరాయి గడ్డమీద కావలి కాయుటకు బయలుదేరిన నాడు కలుగు దిగులు మరియొకటి. కాశ్మీరమున ఉన్నవాడు ఎంత ఎత్తున, ఎంత మంచులో నున్నను మన నేలమీదనే ఉన్నాడు. అవసరమైనచో రైలెక్కి రెండు మూడు దినములలో వాని చెంతకు చేరుకొనగలమను ఊహ, మనము ఎన్నడును పోకపోయినను, మనస్సునకు చేతికర్రవలె ఆసరాగా నుండును. సముద్రములు దాటినవాని విషయమున ఆ కర్ర చేజారిపోవును. అట్లు చేజారిన పిదప నడచుట ఎట్లో నేర్చుకొనవలసిన తల్లిదండ్రుల కొరకే ఈ అధ్యాయము.

నేను దీనిని పుస్తకములు చదివి వ్రాయుట లేదు. మా పెద్దవాడు ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో దక్షిణ సూడాను దేశమునకు పోయి, తెల్లనైలు నది ఒడ్డున నున్న మలకాల్ అను పట్టణమున ఒక ఏడాది కొలువు చేసి వచ్చెను. పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువగట్టు ప్రక్కన మా ఇల్లు. బడిపంతులుగా ముప్పది యేండ్లు పనిచేసి, ఇప్పుడు రెండెకరముల వరిని, రెండు గేదెలను చూచుకొనుచు ఉన్నవాడను. ఆ ఏడాదిలో నేనును నా భార్యయు తెలియక చేసినవి, తెలిసి దిద్దుకొన్నవి, ఇతరులకు పనికివచ్చునను నమ్మకముతో చెప్పుచున్నాను.

మా జిల్లాకు ఈ దిగులు క్రొత్తది కాదు. తాడేపల్లిగూడెమునకు చేరువ నున్న మాధవరమును జనులు నేటికిని మిలటరీ మాధవరమనియే పిలుతురు. రెండు ప్రపంచ సంగ్రామములకును బిడ్డలను పంపిన ఊరది. మొదటి సంగ్రామమున మన దేశమునుండి ఓడలెక్కిపోయినవారు 10 లక్షలకు పైబడిరి. ప్రాణములు కోల్పోయిన భారత సైనికులు 74,000 మందికి తక్కువ కారు. ఆనాటి తల్లికి తన కొడుకు ఏ దేశమున ఉన్నాడో ఊహించుటకైనను ఆధారము లేదు. జాబు వచ్చుటకు నెలలు పట్టెడిది. వచ్చిన జాబును చదివించుకొనుటకు పొరుగింటి చదువరిని బతిమాలుకొనవలసి వచ్చెడిది. స్వాతంత్ర్యానంతరము మన సైనికులు ఐక్యరాజ్యసమితి పక్షమున పరదేశములకు పోయినది ఇంకొకరి సామ్రాజ్యమును నిలుపుటకు కాదు. 1950లో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు దళము కొరియాలో క్షతగాత్రులకు వైద్యము చేయుటకు పోయెను. 1956 మొదలు 1967 వరకు గాజాలో మనవారు కావలి యుండిరి. కాంగోలో 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ పట్టణమున ప్రాణము లర్పించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు పరమవీరచక్రము నిచ్చిరి. నేటివరకు ఇట్లు నీలి శిరస్త్రాణము ధరించిన భారతీయులు 2,50,000 మందికి పైబడినవారు; వారిలో అసువులు బాసినవారు 170 మందికి పైగా ఉన్నారు.

లెక్కలు చెప్పుట నా వృత్తి గనుక, వాడు విమాన మెక్కిన రాత్రి నేనీ రెండంకెలను కాగితముపై వేసి, భాగించి, వేయిమందికి ఒక్కడును కాలేదని నా భార్యకు చూపితిని. ఆమె కాగితమును చూడలేదు. "ఆ ఒక్కడు ఎవరో ఒకరి కొడుకేగా?" అనెను. నాకు జవాబు తోచలేదు, నేటికిని తోచదు. భయపడుచున్నవారికి అంకెలు చెప్పవలదని ఆ రాత్రి తెలిసినది. వారు ప్రమాదమెంతయని అడుగుట లేదు. తమతో కూడ ఒకరు భయపడుటకు సిద్ధముగా ఉన్నారా అని అడుగుచున్నారు.

ఇట్టి సమయమున పదిమంది వచ్చి ధైర్యము చెప్పుదురు. వీరమాత లెట్లుండిరో గుర్తుచేయుదురు. కొడుకును యుద్ధమునకు పంపిన పల్నాటి ఐతాంబను, ఓడి వచ్చి పడుకొన్న కొడుకును మందలించి తిరిగి రణమునకు పంపిన విదులను ఉదాహరింతురు. ఆ కథలు గొప్పవి, కాదనను. కాని విదుల కథను చెప్పినది ఎవరో, ఎప్పుడు చెప్పినదో ఆలోచించితిరా? కృష్ణుడు రాయబారమునకు వచ్చినప్పుడు, పదుమూడేండ్లుగా కొడుకుల ముఖములు చూడక విదురుని యింట కాలము గడుపుచున్న కుంతి, ఆయన హస్తినను వీడిపోవు వేళ తన కొడుకులకు పంపిన సందేశమున ఆ కథను చెప్పినది. అంతకు ముందు, ఆయన మొదట తన కడకు వచ్చినప్పుడు, ఆమె చేసిన పని వేరు. ఒక్కొక్క కొడుకును పేరుపేరున తలచుకొని, ఎట్లున్నాడు, ఏమి తినుచున్నాడు, ఎట్లు నిద్రించుచున్నాడు అని అడిగి అడిగి విలపించినది. ఆ ఏడ్పు ముగిసిన తరువాతనే విదుల మాట ఆమె నోట వచ్చినది. మనము రెండవదానిని మాత్రము జ్ఞాపక ముంచుకొని, మొదటిదానిని మరచి, ఏడ్చు తల్లులను మందలించుచున్నాము. కావున నా మొదటి సలహా ఇదియే: ఇంటిలో ఏడ్చువారిని ఏడ్వనిండు. ఫోనులో మాత్రము వలదు.

రెండవది, వాడు పోయిన దేశమును తెలిసికొనుడు. దిగులునకు చీకటి అనిన ప్రీతి. పటములో ఊరెక్కడో తెలియనంతవరకు ఆ ఖండమంతయు మన బిడ్డకు శత్రువువలె కనబడును. దక్షిణ సూడాను 2011 జూలై 9న స్వతంత్రమైన దేశము. రెండేండ్లు గడచి ఆరు నెలలు కాకముందే, 2013 డిసెంబరులో, అచ్చట అంతర్యుద్ధము చెలరేగెను. ప్రాణభయముతో పరుగెత్తివచ్చిన జనులు సమితి స్థావరముల కంచెలలోనికి వచ్చి తలదాచుకొనిరి. ఆ జనులను కాచుట, తెల్లరంగు బండ్లలో గస్తీ తిరుగుట, రోగులకు వైద్యము చేయుట మనవారి పని. దానిని తెలిసికొన్న పిదప "మావాడు యుద్ధమునకు పోయినాడు" అను మాట మా యింట "మావాడు కావలికి పోయినాడు" అని మారినది. ఇది మనస్సును మభ్యపెట్టుకొను మాట కాదు. 2013 ఏప్రిలులో అదే దేశమున జొంగ్లీ ప్రాంతమున మాటువేసినవారి చేతిలో ఐదుగురు భారత సైనికులు హతులైరని, డిసెంబరులో అకోబో స్థావరముపై దాడిలో ఇద్దరు మరణించిరని కూడ నేనే చదివి, నేనే నా భార్యకు చెప్పితిని. ఇంటిలో ఇద్దరిలో ఒకరికి తెలిసి ఒకరికి తెలియకుండుట కంటె ఇద్దరికిని తెలియుటయే మేలు.

ఇంటి గోడమీద ఉన్న గడియారము ప్రక్కన మరియొక చవుక గడియారమును తగిలించి, దానిని మూడున్నర గంటలు వెనుకకు త్రిప్పి ఉంచితిని. మనకు ఉదయము ఎనిమిదిన్నర యైనచో అచ్చట ఐదు. నా భార్య వంటింటినుండి వచ్చుచు పోవుచు దానిని చూచి, "ఇప్పుడు లేచి ఉంటాడు" అనియో, "ఇప్పుడు తింటూ ఉంటాడు" అనియో అనుకొనెడిది. దీనివలన కలిగిన ప్రయోజనము స్వల్పమని అనుకొనవలదు. అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మనకు లోకమంతయు చీకటిగానే తోచును. ఆ గడియారము మాత్రము అచ్చట ఇంకను తొమ్మిదియు కాలేదని, వాడు తోటివారితో కూర్చుండి మాటలాడుచు ఉండవచ్చునని చెప్పెడిది.

ఇక అన్నిటికంటె కష్టమైనది మౌనము. దీనిని గూర్చి కొంచెము తీరికగా చెప్పవలెను, ఏలయన ఆ ఏడాది మమ్ము నిజముగా కృశింపజేసినది అపాయము కాదు, మౌనమే. ఫోను రాకపోవుటకు వేయి కారణము లుండును. గస్తీ దూరముగా పోవును, వానలకు దారులు బురదయై బండ్లు దిగబడి తిరిగి వచ్చుట ఆలస్యమగును, సంకేతము అందదు, ఏదైన అలజడి కలిగినప్పుడు అధికారులే కొంతకాలము ఫోనుల వాడుకను నిలిపివేయుటయు కలదు. ఈ వేయింటిలో తల్లిదండ్రుల మనస్సు ఏరుకొనునది ఒక్కదానినే. 2023 ఏప్రిలు నెల నడుమ మాకు పదునొకండు దినములు వానినుండి మాట లేదు. ఆ దినములలోనే టీవీ తెరపై అడుగున "సూడాన్‌లో భీకర పోరు" అను అక్షరములు పరుగెత్తుచుండెను. నా భార్య ఆ అక్షరములు చూచి అన్నము మానివేసెను. నేనును, ఇన్నేండ్లు పిల్లలకు భూగోళము చెప్పినవాడను, ఒక పూటంతయు నిశ్చేష్టుడనై కూర్చుంటిని. సాయంకాలము పటము తీసి చూచినప్పుడు గాని, పోరు జరుగుచున్నది ఖార్టూము రాజధానిగా గల సూడానులోననియు, మావాడున్నది విడిపోయిన దక్షిణ దేశమున అనియు జ్ఞాపకము రాలేదు. భయము చదువును కూడ మింగివేయును. పదునొకండవ దినమున వాడు ఫోను చేసి, ఉత్తరమునుండి పారిపోయి వచ్చు జనము పెరిగి పని ఎక్కువైనదని, ఫోను చేయుటకు వీలు చిక్కలేదని చెప్పెను.

ఆనాటినుండి మేమొక కట్టుబాటు చేసికొంటిమి. మౌనమును జాబుగా చదువరాదు. ప్రతి దినము మాటలాడవలెనను నియమమును మేమే తీసివేసి, వీలైన ఆదివారము మాటలాడుదమని, కుదరకపోయిన ఆదివారమునకు అర్థమేమియు లేదని వానితోనే ఒప్పందము చేసికొంటిమి. దినదినము ఫోను చేయు అలవాటు ప్రేమకు గుర్తుగా మొదలై, కొలది దినములలో హాజరుపట్టీయై కూర్చుండును; ఒక్క దినము తప్పినచో ఇచ్చట గుండె ఆగును, అచ్చట వాడు కావలిలో నిలుచుండి ఇంటివారు కంగారుపడుచుందురని కంగారుపడును. తుపాకి పట్టుకొన్నవాని చూపు ఎదుట ఉండవలెను గాని వెనుకకు, మన వీధి గుమ్మమువైపు తిరిగి ఉండరాదు. దుర్వార్త యేదైన ఉన్నచో అది టీవీ తెరమీద పేరుతో వచ్చుటకు ముందు ఇంటికి తెలుపుట సైన్యపు ఆచారము. కనుక తెరమీది అక్షరములలో మన బిడ్డను వెదకుకొనుట వ్యర్థము. మేము వార్తలను దినమునకు ఒక్కమారు, రాత్రి భోజనమునకు ముందు మాత్రము చూచుచు, పండుకొనబోవు వేళ చూచుట మానుకొంటిమి.

ఫోను వచ్చినప్పుడు ఏమి మాటలాడవలెను? మొదట, అది ఎవరి చేతికి పోవలెనో చెప్పెదను. వాడు పెండ్లియైనవాడైనచో కోడలి చేతికి. ఈ మాట కొందరికి రుచింపదని నాకు తెలియును. కన్న హక్కు మాది కాదా అని నాతో వాదించిన బంధువులున్నారు. హక్కుల మాట అటుంచుడు. పది నిమిషముల ఫోనులో తొమ్మిది నిమిషములు అత్తమామలు మాటలాడి, కడపటి నిమిషమున అందరి యెదుట ఫోను చేతికి వచ్చినప్పుడు ఆ పిల్ల ఏమి చెప్పగలదు? మా కోడలు ఫోను తీసికొని దొడ్డిలోని కొబ్బరిచెట్టు క్రిందికి పోయెడిది. తరువాత మిగిలిన కాలము మాది. కొన్ని మారులు మిగులలేదు. మిగులకపోయిన దినమున ఆమె ముఖము తేటగా ఉండుటయే మాకు వాని క్షేమసమాచారము.

మాకు మిగిలిన నిమిషములలో నేను మొదట్లో అడిగిన ప్రశ్నలు తలచుకొన్నచో ఇప్పుడు బాధ కలుగును. "అక్కడ గొడవలేం లేవుగా? నిన్ను ముందు పంపట్లేదుగా?" వాడు దేనికిని సరిగా జవాబు చెప్పడు, చెప్పుటకు వానికి అనుమతియు ఉండదు. ఒకనాడు అడుగుటకు ఏమియు తోచక, "అక్కడ పశువులు ఎట్లా ఉంటాయిరా?" అంటిని. వాని గొంతు మారినది.

"అబ్బో, నువ్వు చూడాలి నాన్నా. ఇక్కడోళ్ళకి ఆవే ఆస్తి. పెళ్ళికి ఓలి కింద ఆవుల్నే ఇస్తారు. ఆ కొమ్ములు చూస్తే నువ్వు నమ్మవు."

"మన ఒంగోలు గిత్తల కంటేనా?"

"ఒంగోలు గిత్త ఒంట్లో గొప్ప. ఇవి కొమ్ముల్లో గొప్ప."

మన సైన్యపు పశువైద్యులు అచ్చటివారి పశువులకు వైద్యము చేయుదురని, తెల్లవారకముందే జనులు ఆవులను తోలుకొని వచ్చి నిలుచుందురని వాడు చెప్పెను. మా గేదె ఈనినదని, జున్ను ఊరంతయు పంచితిమని నేను చెప్పితిని. పదునైదు నిమిషములు పశువుల మాటయే. అపాయమను మాట ఇరువురి నోటను రాలేదు. అయినను ఫోను పెట్టివేసిన పిదప ఎన్నడును లేనంత నిబ్బరముగా ఆ రాత్రి నిద్రించితిని. దూరమున ఉన్న బిడ్డకు ధైర్యవచనములు అక్కరలేదు. వాడు ఏ ఇంటినుండి పోయెనో ఆ ఇల్లు యథాప్రకారము నడచుచున్నదని, పాలు పితుకుచున్నారని, కాలువకు నీరు వచ్చినదని వినబడవలెను. అంతకు మించిన అండ మనము ఇయ్యలేము.

అట్లని కష్టములను దాచవలెనని నా భావము కాదు. ఈ విషయమున నేను చేసిన పొరపాటును ఎవ్వరును చేయరాదు. ఆ శ్రావణమాసమున నా భార్యకు పిత్తాశయములో రాళ్ళున్నవని శస్త్రచికిత్స చేయించితిమి. వానికి చెప్పలేదు. దూరమున ఉన్నవానిని కలవరపెట్టుట ఎందుకని నా తలంపు. వాని మేనత్త కొడుకు వాట్సాప్‌లో "అత్తకి ఎట్లా ఉంది బావా?" అని వ్రాసెను. ఆదివారము ఫోను చేసినప్పుడు వాడు కోపపడలేదు, కోపపడినను బాగుండెడిది. "నాన్నా, ఇకమీద మీరు బాగున్నామంటే నేను నమ్మేదెట్లా?" అని మాత్రము అడిగెను. నేను దాచినది ఒక్క జబ్బును. దానితో అంతకు ముందు చెప్పిన "బాగున్నాము" లన్నియు చెల్లని నాణెములై పోయినవి. తరువాత ఇల్లు దిద్దుకొన్న పద్ధతి ఇది: జరిగినదానిని ఉన్నదున్నట్లు, వైద్యుడు ఏమన్నాడో, ఇంటిలో ఎవరు దగ్గరుండి చూచుకొనుచున్నారో కలిపి చెప్పుదుము. జ్వరము చెప్పి మందు చెప్పకపోవుట సగము చెప్పుట, అదియు తప్పే.

వ్యవహారముల సంగతి క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. వాడు బయలుదేరకముందే వాని ఆర్మీ నంబరు, హోదా, యూనిట్టు పేరు, రికార్డు ఆఫీసు చిరునామా, ఇక్కడ మిగిలియున్న యూనిట్టువారి ఫోను నంబరు ఒక కాగితముపై వ్రాయించుకొని రెండు ప్రతులు చేసి, ఒకటి కోడలి దగ్గర ఉంచుడు. బ్యాంకు ఖాతాలకు నామినీ ఎవరో చూచుకొనుడు. అవసరము వచ్చినప్పుడు ఎక్కడికి పోవలెనో తెలియనిచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పొండు. అది మాజీ సైనికులకు మాత్రమే కాదు, కొలువులో నున్నవారి కుటుంబములకును తోడ్పడును. పొలము గట్ల తగాదా కోర్టునకు ఎక్కినచో, 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ఒకటి కలదని మీ వకీలునకు గుర్తుచేయుడు. కొలువు కారణముగా రాలేని సైనికుని పరోక్షమున వ్యాజ్యము నడచి అతనికి అన్యాయము కలుగకుండుటకే అది ఏర్పడినది. వాడున్న చోటు, తిరిగి వచ్చు తేది, బండ్ల ఫొటోలు బంధువుల గ్రూపులలో పెట్టవలదు. సైన్యమునుండి అని చెప్పి, మీ వాని టిక్కెట్టునకు డబ్బు పంపుడని ఫోను చేయువాడు మోసగాడని ఎరుగుడు.

ఇక ఒక్క మాట కలదు. దానిని వ్రాయుటకు చేయి ఆడకున్నను వ్రాయవలెను. మనము మన బిడ్డ ప్రాణమును గూర్చి మాత్రమే భయపడుదుము. వాడు మన ప్రాణమును గూర్చి భయపడుచు పోవునని మరచిపోవుదుము. అరువది దాటిన తండ్రికి ఏడాది కాలములో ఏమైనను కావచ్చును. ఆఫ్రికా ఖండపు నడుమనుండి విమానములు మారి ఇల్లు చేరుటకు ఎన్ని దినములు పట్టునో ఎవ్వరును చెప్పలేరు. వాడు ఢిల్లీకి శిక్షణకు పోవుటకు ముందు రాత్రి, అరుగుమీద ఇద్దరమే ఉన్నప్పుడు, నేనే ఎత్తితిని.

"నాకేమైనా అయితే నీకోసం ఉంచొద్దని చెప్తున్నాను. తమ్ముడు కొరివి పెడతాడు. బూడిద అటక మీద ఉంటుంది. నువ్వెప్పుడొస్తే అప్పుడు గోదాట్లో కలుపు."

వాడు చాలసేపు కాలువవైపు చూచుచు కూర్చుండెను. తరువాత, "అమ్మకి చెప్పావా?" అనెను.

"రేపు చెప్తాను."

మరునాడు చెప్పితిని. ఆమె బియ్యము ఏరుచున్నది. చేయి ఆపలేదు. "నాకూ అంతే అని చెప్పు వాడికి" అనెను. అట్లు చెప్పుకొనుట అశుభమని మీ యింట పెద్దలు అడ్డుపడవచ్చును. ఆ ఒక్క మాట చెప్పించుకొన్నందువలన వాని భుజముమీదినుండి ఎంత బరువు దిగినదో వాడు తిరిగి వచ్చిన తరువాతనే నాకు చెప్పెను. అంతవరకు అది వానికి ఉన్నట్లే నాకు తెలియదు.

తిరిగివచ్చుటను గూర్చి కొంచెము. స్టేషనునకు పూలదండలతో ఊరిని తీసికొనిపోవలదు. వచ్చిన మొదటి వారము చుట్టములను పిలువవలదు. వాడు పోయిన నాటి పిల్లవాడు కాడు; తలుపు గట్టిగా పడినచో ఉలికిపడును, తెల్లవారుజామున మూడింటికి లేచి పెరటిలో తిరుగును. ఏమి చూచితివని అడుగవలదు. అడుగని యింటిలోనే వాడు ఎప్పుడో ఒకనాడు చెప్పును. నెలలు గడచినను నిద్ర పట్టకున్నను, ఎవ్వరితోను కలియకున్నను, మిలటరీ ఆసుపత్రిలో దానికి వైద్యులున్నారు; అందు సిగ్గుపడవలసినది లేదు.

మావాడు వచ్చిన మూడవనాటి తెల్లవారుజామున నేను పాలు పితుకుటకు పోయినప్పుడు పాకలో అప్పటికే కూర్చుండియున్నాడు. గేదె వాని చేతిని నాకుచున్నది. నేను తప్పేలాను పట్టుకొని కూర్చుంటిని. కొంతసేపు పాల చప్పుడు తప్ప మరేమియు లేదు. తరువాత వాడు లేచి నిలుచుండి, రెండు చేతులను తలకు పైగా ఎత్తి, మెల్లగా వెడల్పు చేయుచు, పాక నిట్టాడికి ఒక చేయి తగులువరకు చాచి, "ఇంతుంటాయి నాన్నా కొమ్ములు" అనెను.